మూడు చుట్ల రాగి తీగ

మా అత్తగారికి చెవులు సరిగా వినపడవని ఊరంతటికీ చాటింది నేనే. అదీ నడిరోడ్డు మీద, ఇంజినీరు ముందు, పాతికమంది జనం చూస్తుండగా. నా నోట్లో నువ్వు గింజ నానదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కానీ ఆవిడ గురించి చెప్పాలంటే ఆ రోజును దాచిపెట్టి చెప్పడం కుదరదు. అందుకే ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఆవిడ నీళ్ళ ఆఫీసులో పనిచేసేది. కాగితాల మీద ఆ ఉద్యోగానికి పేరేమిటో నాకు తెలియదు గానీ, అందరూ చువ్వమ్మ అనేవాళ్ళు. ఆవిడ చేతిలో ఎప్పుడూ మనిషి ఎత్తు ఇనుప చువ్వ ఒకటి ఉండేది. ఒక కొన నేల మీద ఆనించి, రెండో కొనకు బిగించిన చెక్క బిళ్ళను చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేది. నేల కింద పైపు ఎక్కడ కారుతోందో విని, సుద్దముక్కతో రోడ్డు మీద సున్నా చుట్టేది. అక్కడ తవ్వితే జానెడు అటో ఇటో లీకు దొరికేది. మధ్యాహ్నం భోజనాలై ఊరంతా కునుకు తీసే గంట ఆవిడ పనివేళ. అప్పుడు పైపుల నిండా నీళ్ళుంటాయి, కుళాయిలు కట్టేసి ఉంటాయి, వీధిలో చప్పుడుండదు. తెలియనివాళ్ళు చూస్తే ఎండలో నిలబడి నేలతో గుసగుసలాడే పిచ్చిమనిషి అనుకునేవాళ్ళు.

మా సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజు ఆవిడ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మా అమ్మ ఆవిడ ఎదురుగా కూర్చుని నా గుణగణాలు వర్ణిస్తుంటే, మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాం. కొంగు బొడ్లో దోపుకుని మా కుళాయి విప్పుతోంది.

"వాషరు పోయి మూడు నెలలైనట్టుందే. ఇంట్లో ఎవరికీ వినపడలేదా?" అంది నన్ను చూసి.

"వినపడింది. నాన్నకి చెప్పాను, రేపు చూద్దామన్నాడు" అన్నాను.

"రేపు అనేది మగాళ్ళ వాషరు, ఎప్పటికీ బిగవదు. నువ్వే విప్పి చూడాల్సింది."

అలా కుదిరింది మా సంబంధం. పెళ్ళైన మొదటి నెలలోనే నాకు అర్థమైంది, ఆ ఇంట్లో ఒక బకెట్ నీళ్ళు మూడు ఉద్యోగాలు చేసిగానీ రిటైరవవని. బట్టలు జాడించిన నీళ్ళు గచ్చు కడగాలి, గచ్చు కడిగిన నీళ్ళు మరుగుదొడ్డికి పోవాలి. నేనేమో కోపం ముక్కు మీద ఉండే మనిషిని. "నీళ్ళ ఆఫీసులో పనిచేసేవాళ్ళింట్లో నీళ్ళకి కరువేమిటి అత్తయ్యా?" అని అరిచేదాన్ని. "ఇంకాస్త గట్టిగా అరు, పక్క వీధికి కూడా వినపడాలి" అనేది ఆవిడ తాపీగా. ఆవిడతో గొడవపడటం ఎంత కష్టమో నాకే తెలుసు. ఎదుటివాళ్ళు అరవకపోతే ఎంతసేపని అరుస్తాం?

ఇంట్లో ఆవిడ వస్తువులు రెండింటి మీద చెయ్యి వేయకూడదు. ఒకటి బిస్కెట్ల రేకు డబ్బా. దాన్నిండా రాగి తీగ ముక్కలు. రెండోది పెట్టె అడుగున మడతపెట్టిన ఖాకీ చొక్కా. అవి మా మామగారివి. మా ఆయనకు నాలుగేళ్ళప్పుడు జ్వరంతో పోయారాయన. ఆయన నీళ్ళాఫీసులో ఫిట్టరు. ఎక్కడైనా జాయింటు అతుకు పెట్టాలంటే, అది గట్టిపడేదాకా ఒత్తిడి తగ్గడానికి, ముందు ఆ వీధికి పోయే వాల్వు సగం మూసేవారు. మూసిన ప్రతి వాల్వుకీ ఇరుసు మీద రాగి తీగ మూడు చుట్లు చుట్టి, కొస కుడి వైపుకి మెలిపెట్టేవారు. పని అయ్యాక తిరిగొచ్చి వాల్వు పూర్తిగా తెరిచి, తీగ విప్పి చొక్కా జేబులో వేసుకునేవారు. ఇంటికొచ్చాక చొక్కా ఉతికేటప్పుడు అత్తగారు జేబులో చెయ్యి పెట్టి చూసేది. తీగ ఉంటే ఆ పని పూర్తయినట్టు. తీసి డబ్బాలో వేసేది. అదీ వాళ్ళ సంసారం.

చివరి చొక్కా మాత్రం ఆవిడ ఉతకలేదు. జ్వరంతో పడుకున్న రోజు ఆయన విప్పి కొక్కేనికి తగిలించిన చొక్కా అది. ఆయన వాసన పోతుందని అలాగే మడతపెట్టి దాచుకుంది. కొత్తలో నేను తెలియక, పాత బట్టలు ఎండకు వేద్దామని తీసి బకెట్లో వేయబోతే, ఆవిడ పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి లాక్కుంది. నా మీద చెయ్యెత్తినంత పని చేసింది. ఆవిడ గట్టిగా అరవడం నేను విన్నది అప్పుడొక్కసారే.

ఆయన పోయాక ఆఫీసువాళ్ళు ఆవిడకు పంపుహౌసులో ఊడ్చే పని ఇచ్చారు. అక్కడి ముసలి ఫిట్టరు ఒకాయన, ఈవిడ మోటారు శబ్దం విని బేరింగు పోయిందని చెప్పడం చూసి, చువ్వ చేతికిచ్చి వినడం నేర్పాడు. ఫిట్టర్ల గదిలో మామగారి ఫోటో ఉండేది. పని మధ్యలో వదిలిపెట్టి ఎరగని మనిషని కొత్తగా చేరినవాళ్ళకి చూపించేవాళ్ళు. ఆ ఫోటో కింద కూర్చునే ఆవిడ ఇరవై ఏడేళ్ళు అన్నం తిన్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా ఊరు ఒక వాలు మీద ఉంటుంది. పైన మెట్లవీధులు, కింద బజారు, ఇంకా కిందికి పోతే రాళ్ళ మధ్య ఒక ఊట. మెట్లవీధుల్లో కుళాయిలు ఎప్పుడూ దారం లావున కారేవి. అక్కడి ఆడవాళ్ళు ఎనభై నాలుగు మెట్లు దిగి, బజారు కుళాయి దగ్గర పట్టుకుని, మళ్ళీ ఎనభై నాలుగు ఎక్కేవాళ్ళు. కింద ఊట చుట్టూ పదకొండు మంది ఆడవాళ్ళకి కూరగాయల మడులున్నాయి. అందులో ఒకరు మా అమ్మ. ఏటా ఎండాకాలంలో వాళ్ళే దిగి పూడిక తీస్తారు. అక్కడ సబ్బు ముట్టనివ్వరు. ఊట పక్క రాతి మీద ఒక గీత ఉంది. నీళ్ళు ఆ గీత కిందికి దిగితే, మడులు ఎండినా సరే, ఒక్కరూ చెంబు ముంచరు. పిట్టలకీ చేపలకీ మిగలాలి, ఊట ఊపిరి పీల్చుకోవాలి అంటుంది మా అమ్మ. మగవాళ్ళు ఆ గీతను చూసి నవ్వుతారు గానీ, పక్క బావులు రెండు ఎండిపోయినా ఆ ఊట ఎండలేదు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో, మెట్లవీధుల కోసం ఆ ఊట నీళ్ళను పెద్ద మోటారుతో పైకి తోడాలని ఆఫీసులో నిర్ణయించారు. కొలతలు వేశారు, జెండాలు పాతారు. మా అమ్మావాళ్ళు ఆఫీసుకు పరుగెత్తారు, వాళ్ళ వెనకే నేనూ. అప్పటికే అక్కడ మెట్లవీధుల ఆడవాళ్ళున్నారు. వాళ్ళ ముందు నిలబడింది మెట్ల పెద్దమ్మ. అన్నిటికన్నా పై మెట్టు మీద ఇల్లు ఆవిడది. కుడి భుజం ఎడమ దానికన్నా రెండంగుళాలు కిందికి దిగిపోయి ఉంటుంది, బిందె మోసి మోసి.

"మీ ఆకుకూరలు తడవడానికి మా గొంతులు ఎండాలా?" అంది పెద్దమ్మ.

"తాగమ్మా, నేను వద్దన్నానా! కానీ మోటారు పెట్టి తోడితే రెండేళ్ళకే ఊట చచ్చిపోద్ది. అప్పుడు మీకూ లేదు, మాకూ లేదు" అంది మా అమ్మ.

"రెండేళ్ళు కదా. ఆ రెండేళ్ళైనా నా భుజానికి విశ్రాంతి."

మా అమ్మ ఆ భుజం వైపు చూసింది. ఇద్దరిదీ న్యాయమే. అప్పుడు గోడ దగ్గర చువ్వతో నిలబడి ఉన్న మా అత్తగారు ముందుకొచ్చింది.

"సార్, ట్యాంకులోంచి బయల్దేరిన నీళ్ళు మెట్ల పైకి చేరడం లేదు. దారిలో ఎక్కడో పోతున్నాయి. బిందెకి కన్నం పూడ్చకుండా ఇంకో బిందెడు పోస్తే ఏం లాభం? నాకు కాస్త టైమివ్వండి, చూపిస్తాను."

ఇంజినీరు చెడ్డవాడేం కాదు. కుర్రతనం ఇంకా పోని మనిషి, పై అధికారులంటే భయం. కాసేపు నీళ్ళు నమిలి, "పది రోజులు. ఆ తర్వాత ఆర్డరు నా చేతిలో ఉండదమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రమే నాకు అసలు సంగతి తెలిసింది. పొయ్యి మీద కుక్కరు పెట్టి, మూడు కూతలకి దించమని ఆవిడకి చెప్పి నేను మిద్దె మీదికి వెళ్ళాను. ఆరో కూత విని కిందికొస్తే, ఆవిడ కుక్కరు పక్కనే కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతోంది.

"ఒకటేగా వచ్చింది?" అంది.

గుచ్చిగుచ్చి అడిగితే చెప్పింది. పంపుహౌసు మోటార్ల మధ్య పనిచేసినందుకు కుడి చెవి ఎప్పుడో పోయిందట. రెండేళ్ళుగా ఎడమదీ మసకబారుతోందట.

"మరి ఇంజినీరుకి ఎందుకు మాటిచ్చావు అత్తయ్యా? ఊట పోతే మా అమ్మ ఏం కావాలి?" నేను మామూలుగానే అరిచాను.

"అందుకే ఇచ్చాను. రేపటి నుంచి నువ్వు నాతో రా. నీ నోరు ఎంత పెద్దదో తెలుసు, చెవి ఎలా ఉందో చూద్దాం. ఈ మాట మాత్రం ఎవరికీ చెప్పకు. చెవి లేని చువ్వమ్మ మాట ఎవడు వింటాడు?"

చెప్పనని ఒట్టేశాను.

తొమ్మిది మధ్యాహ్నాలు నేను ఆవిడ వెంట తిరిగాను. మొదటి రోజు నాకు వినపడింది నా గుండె చప్పుడొక్కటే. మూడో రోజుకు నేల కింద ఏదో ఉందని తెలిసింది. ఆవిడ నేర్పేది: "లీకు చప్పుడు నిలకడగా ఉండదే. ఏడ్చి ఏడ్చి అలిసిన పిల్ల వెక్కిళ్ళలా ఆగి ఆగి వస్తది. వాల్వు చప్పుడు అలా కాదు, ఒకటే ఈడ్పు." చిన్నాచితకా లీకులు ఐదు పట్టుకున్నాం. వాటిలో పోయే నీళ్ళు మెట్లవీధుల కరువుకి సరిపోవు. తొమ్మిదో రోజు, బజారులో పిండిమర ముందు, ఆవిడ చువ్వ ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. కళ్ళు తెరిచేసరికి మొహం వెలిగిపోతోంది.

"ఇదే. పెద్దది. విను."

విన్నాను. పెద్ద చప్పుడే. కానీ ఆగడం లేదు. "అత్తయ్యా, ఇది ఒకటే ఈడ్పుగా ఉంది" అన్నాను.

"నీది తొమ్మిది రోజుల చెవి. నాది ఇరవై ఏడేళ్ళ చెవి. ఆ సుద్దముక్క ఇటివ్వు."

ఇచ్చాను. అత్తగారి మాట అని కాదు, నాకూ అది లీకే అవ్వాలని ఉంది.

మర్నాడు మధ్యాహ్నం తవ్వకం. ఇంజినీరు వచ్చాడు, పెద్ద ఫిట్టరు వచ్చాడు, పలుగు పారలతో ఇద్దరు మనుషులొచ్చారు. మా అమ్మావాళ్ళు ఒక పక్క, మెట్లవీధులవాళ్ళు ఇంకో పక్క. తారు లేచింది, కంకర లేచింది, మట్టి లేచింది. మోకాలి లోతు తవ్వినా మట్టి పొడిపొడిగా రాలుతోంది. చెమ్మ అన్నది లేదు. ఇంకాస్త తవ్వితే పార ఖంగుమంది. రోడ్డు వేసినప్పుడెప్పుడో పూడిపోయిన ఇనుప మూత. మూత కింద ఇటుకలతో కట్టిన గూడు, అందులో ఒక పాత వాల్వు.

పెద్ద ఫిట్టరు పగలబడి నవ్వాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే వినడమేగానీ చూడలేదు. చువ్వమ్మా, అది వాల్వు చప్పుడు! నిన్న చేరినవాడికి కూడా తెలుస్తుంది కదా!"

జనం నవ్వారు. ఇంజినీరు నవ్వలేదు, గడియారం చూసుకున్నాడు. "రేపు ఆర్డరు పంపిస్తానమ్మా. ఏమీ అనుకోకండి."

మా అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని అటు తిరిగింది. అది చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిందో ఎవరి మీద అరిచానో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది.

"నేను చెప్పాను ఒకటే ఈడ్పని! వింటేగా! వినపడితేగా! ఆవిడకి చెవులు పోయి రెండేళ్ళయింది!"

పలుగు పట్టుకున్నవాడు పలుగు కింద పెట్టేశాడు. అత్తగారు నావైపు చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండేది. పెద్ద ఫిట్టరు తల దించుకున్నాడు. ఆయన నవ్వు కన్నా నా మాటే ఎక్కువ కోసిందని అందరికీ తెలుస్తోంది.

ఆవిడ చువ్వను నా చేతికిచ్చింది. "నిజమే సార్, నాకు చెవులు తగ్గాయి" అంది. "ఇక్కడ ఈ చప్పుడు నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే విన్నాను. అప్పుడు మంచి చెవి. విన్న వెంటనే వాల్వని తెలిసింది. వాల్వు మాటతో మనకి పనిలేదు, పద అన్నాడు నాకు నేర్పిన ముసలాయన. అప్పటి నుంచీ దీని మీదుగా నడిచిపోతూనే ఉన్నాను. నిన్న గుర్తుపట్టలేకపోయాను. కానీ ఒక్క మాట సార్. పూర్తిగా తెరిచిన వాల్వు అరవదు. ఇదెందుకు అరుస్తోంది?"

పెద్ద ఫిట్టరు చటుక్కున తలెత్తాడు. ఎవరూ ఏదీ అనకముందే ఆవిడ గోతిలోకి దిగింది. నేను చెయ్యందించడానికి వంగాను. అందుకే ఆవిడతోపాటు నాకూ కనిపించింది. వాల్వు ఇరుసు మీద, పచ్చగా చిలుము పట్టిన రాగి తీగ. మూడు చుట్లు. కొస కుడి వైపుకి మెలిపెట్టి ఉంది.

ఆవిడ దాని మీద చెయ్యి వేసి కూర్చుండిపోయింది. నా నోరు జీవితంలో మొదటిసారి దానంతటదే మూతపడింది.

పైనుంచి పెద్ద ఫిట్టరు వంగి చూసి, "సగం మూసి ఉంది సార్. పైన మెట్లవీధులకి పోయే లైనిదే. ఇన్నేళ్ళూ సగం నీళ్ళే పోతున్నాయి" అన్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "మరి తెరవండి!" అని అరిచింది మెట్ల పెద్దమ్మ.

ఇంజినీరు తల అడ్డంగా ఊపాడు. "ఎలా తెరుస్తానమ్మా? ఎవరో కావాలనే మూసి ఉంటారు. పై పైపులు ఒత్తిడికి ఆగవనేమో. కారణం తెలియకుండా తెరిస్తే, రేపేదైనా పగిలితే నా మెడకి చుట్టుకుంటుంది. ఎవరు మూశారో, ఎందుకు మూశారో తెలిస్తే తప్ప దీన్ని ముట్టుకోను. ఊట లైను వేసేయడమే నయం."

కారణం ఆ గోతి దగ్గర మా ఇద్దరికే తెలుసు. ఆవిడ నావైపు చూసింది. నేను నోరు విప్పలేదు. అది ఆవిడ సొమ్ము, ఫిట్టర్ల గదిలోని మామగారి ఫోటో, ఆవిడ ఇరవై ఏడేళ్ళు. చెప్పకపోతే ఊట పోతుంది, మా అమ్మ మడి పోతుంది. చెబితే ఎనభై నాలుగు మెట్లు మోసిన ప్రతి ఆడదీ మా మామగారి పేరెత్తి శాపం పెడుతుంది. మా అమ్మ కోసం ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది, అయినా పట్టుకోలేదు. అప్పటికే ఆ రోజు నేను మాట్లాడాల్సిన దానికన్నా ఎక్కువే మాట్లాడాను.

ఆవిడ మెల్లగా తీగ విప్పింది. ఒక చుట్టు, రెండు, మూడు. విప్పి గుప్పిట్లో పెట్టుకుని గోతిలోనే లేచి నిలబడింది.

"మూసింది మా ఆయన సార్" అంది. "ఇది ఆయన గుర్తు. జాయింటు అతుకు కోసం మూసి ఉంటాడు. మళ్ళీ వచ్చి తెరవాలని తీగ చుట్టాడు. ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు మంచం మీద, పని మిగిలిపోయింది, పని మిగిలిపోయింది అంటూనే ఉన్నాడు. పనెక్కడికి పోతుంది, ముందు నువ్వు కోలుకో అన్నాను. ఏ పని అని అడగలేదు." గుప్పిట బిగించింది. "తప్పు ఆయనది కాదు. ఆయన చొక్కా నేను ఉతకలేదు. ఉతికి ఉంటే జేబు చూసేదాన్ని. జేబు చూస్తే తీగ లేదని తెలిసేది. వాసన పోతుందని దాచుకున్నాను. దాచుకుని, ఇంతమంది చేత నీళ్ళు మోయించాను."

పెద్ద ఫిట్టరు కళ్ళు తుడుచుకుని, "ఆ గుర్తు నేనెరుగుదును సార్. ఆ అన్నతో కలిసి పనిచేశాను, ఆయన గుర్తే. తెరవొచ్చు, నాదీ పూచీ" అన్నాడు. ఇంజినీరు చాలాసేపు వాల్వు వైపు చూసి, చివరికి తలూపాడు. మెట్ల పెద్దమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని, ఆ కుంగిన భుజంతో వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

వాల్వు బిగుసుకుపోయి ఉంది. కిరసనాయిలు పోసి, ఇద్దరు మనుషులు వేలాడితే సాయంత్రానికి తిరిగింది. మర్నాడు పొద్దున్నే మెట్లవీధుల్లో మూడుచోట్ల పాత జాయింట్లు ఊడి నీళ్ళు చిమ్మాయి. ఇంజినీరు తల పట్టుకున్నాడు. పిల్లలు మాత్రం ఆ చిమ్మే నీళ్ళలో కేరింతలు కొట్టారు. వారంలో అన్నీ అతికారు. కొలిచి చూసి, ఊట లైను అక్కర్లేదని ఇంజినీరు తన చేత్తో రాసి పంపాడు. జెండాలు పీకి మా అమ్మ చిక్కుడు పాదులకి కట్టుకుంది.

నేను ఆవిడ కాళ్ళ మీద పడి ఏడ్చాను. "లేవవే. నువ్వు అరవకపోతే నేను గోతిలోకి దిగేదాన్ని కాదు, తలవంచుకుని ఇంటికొచ్చేదాన్ని" అంది. నన్ను ఓదార్చడానికే అలా అన్నదని నాకు తెలుసు. ఓదార్పుగానే తీసుకున్నాను.

నీళ్ళు ఎక్కిన మూడో రోజు, "పెద్దమ్మ ఇంటికి పోవాలి, తోడు రా" అంది. ఎనభై నాలుగు మెట్లు, దారిలో రెండుసార్లు కూర్చుని ఎక్కింది. పెద్దమ్మ గడపలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. అత్తగారు నిలబడే చేతులు జోడించింది.

"తిట్టాలనుంటే తిట్టు వదినా. నన్ను తిట్టు, ఆయన్ని వద్దు."

"తిట్టేశాను" అంది పెద్దమ్మ. "రెండు రోజులు కూర్చుని నీ మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఆలోచిస్తే నాకే తలకెక్కింది. ఆ మనిషి చచ్చిపోతూ కూడా గుర్తు పెట్టిపోయాడు. బతికున్నవాళ్ళం మేమేం చేశాం? నీళ్ళు సగమయ్యాయి. ఎందుకయ్యాయని ఒక్క మగాడు అడగలేదు, ఎందుకంటే మోసేది వాడు కాదు. మోయడం అలవాటైపోయి నేనూ అడగలేదు. నా భుజం పోయింది, నీ చెవి పోయింది. ఇంక ఎవరు ఎవర్ని తిట్టుకోవాలి? రా, లోపలికి రా. మా ఇంటి నీళ్ళు తాగి పో."

కుళాయి తిప్పింది. బొటనవేలి లావున ధార పడింది. గ్లాసు నిండుతుంటే అత్తగారు నావైపు తిరిగి, "చప్పుడు ఎలా ఉందే?" అని అడిగింది.

"గలగలమంటోంది అత్తయ్యా" అని చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఆవిడ గోడ వెంట పోయే పైపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పైపు అదురుతున్నంతసేపూ అలాగే నిలబడింది. తర్వాత గ్లాసెడు నీళ్ళూ తాగింది. చుక్క వదల్లేదు.

చువ్వ ఇప్పుడు నా దగ్గరుంది. ఆవిడకు స్టోరుగదిలో పని ఇచ్చారు, నన్ను ఆవిడ పనిలో పెట్టుకున్నారు. వాల్వు ఎక్కడ అరిచినా ఆగి, ఎందుకు అరుస్తోందో పుస్తకంలో రాస్తాను. ఇప్పటికి పద్నాలుగు రాశాను. నా నోటికి భయపడి ఫిట్టర్లు వెంటనే వచ్చి చూస్తారు.

ఆ రోజు పెద్దమ్మ ఇంటి నుంచి వచ్చాక, అత్తగారు పెట్టె తెరిచి ఖాకీ చొక్కా బయటికి తీసింది. కొంగు ముడి విప్పి రాగి తీగను చొక్కా జేబులో వేసింది. కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఉతకబోయే ముందు ఎప్పుడూ చేసినట్టే జేబులో చెయ్యి పెట్టి, తీగ తీసి, రేకు డబ్బాలో వేసి మూత పెట్టింది. నన్ను సబ్బు తెమ్మంది. అర బకెట్ నీళ్ళతో చొక్కా ఉతికి, దులిపి, తాడు మీద ఆరేసింది. మిగిలిన నీళ్ళతో గచ్చు కడగమని నాకు చెప్పింది.